ఆన్‌లైన్ సెక్షన్‌కి సగటు మార్కులు ఎక్కువొచ్చాయి. మరి వాళ్లు ఎక్కువ నేర్చుకున్నట్టేనా? దీన్ని ఎలా కొలవాలి?

నల్లబల్ల

నమస్తే అండీ. మదనపల్లె దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. మొదటి ఏడాది పిల్లలకి సూక్ష్మ అర్థశాస్త్రం నాదే. డిమాండ్, సప్లయ్, వ్యాకోచత్వం (ధర మారితే కొనడం, అమ్మడం ఎంత మారతాయన్నది), వినియోగదారుని మిగులు, ఖర్చులు, మార్కెట్లు, ఈ వరసలో వెళ్తుంది సిలబస్. పోయిన సెమిస్టర్‌లో మా దగ్గర రెండు సెక్షన్లలో ఒకదాన్ని పూర్తిగా ఆన్‌లైన్ చేశారు. నేను రికార్డు చేసిన వీడియోలు, పీడీఎఫ్ నోట్సు, వారానికో క్విజ్, వారానికి ఒక గంట లైవ్‌లో డౌట్లు చెప్పడం. రెండో సెక్షన్ ఎప్పటిలాగే క్లాసురూములో. ఎవరు ఏ సెక్షన్‌లో చేరతారో పిల్లల ఇష్టానికే వదిలేశారు. సెమిస్టర్ అయ్యాక చూస్తే ఆన్‌లైన్ సెక్షన్ సగటు ఆరు మార్కులు ఎక్కువ.

మేనేజ్‌మెంట్ చాలా సంతోషంగా ఉంది. వచ్చే ఏడాది రెండు సెక్షన్లూ ఆన్‌లైన్ చేసేద్దాం, మీరు ఈ ఆరు మార్కుల సంగతి రిపోర్టు రాసివ్వండి అన్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. నేను ఆన్‌లైన్‌కి వ్యతిరేకిని కాను, ఆ వీడియోల కోసం రాత్రి పదకొండు దాకా కూర్చున్న మనిషిని. కానీ సెమిస్టర్ చివర్లో రెండు సెక్షన్ల పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టి, మార్కుల్లేకుండా, ఊరికే ఒక ప్రశ్న ఇచ్చాను. ఈ ఏడు టమాటా దిగుబడి బాగా పెరిగింది, అయినా రైతుల మొత్తం రాబడి తగ్గింది, ఎందుకో డయాగ్రం గీసి చెప్పండి అని. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో టమాటా వేస్తారు, యార్డుకి వెళ్లి ధర లేక పంట పారబోసి వచ్చిన వాళ్లున్నారు. ఆన్‌లైన్ సెక్షన్‌లో బాగా చదివే ఒకమ్మాయి వ్యాకోచత్వం నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా రాసింది. తర్వాత సప్లయ్ రేఖని కుడివైపుకి జరిపింది, అక్కడిదాకా బాగుంది. ధర పడింది కదా అని డిమాండ్ రేఖని కూడా కుడివైపుకి జరిపేసింది. ధర పడితే అదే డిమాండ్ రేఖ మీద కిందికి దిగాలి గానీ రేఖ జరగకూడదు. అంటే రేఖ మీద కదలడానికీ, రేఖే జరగడానికీ తేడా ఆ పిల్లకి తెలియలేదు. నా వీడియోలో అది నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. క్లాసులో అయితే అదే చోట పెన్సిల్ ఆగిపోవడం నాకు కనిపిస్తుంది, నేనూ ఆగుతాను.

ఒక్క ప్రశ్నతో, ఒక్క పిల్లతో తీర్మానం చేయలేనని తెలుసు. అందుకే అడుగుతున్నాను. వెబ్‌లో చెప్పడం వల్ల నేర్చుకోవడం పెరిగిందా తగ్గిందా అన్నది సరిగ్గా కొలవాలంటే ఏం చేయాలి? ఎమ్మేలో చదివిన స్టాటిస్టిక్సే నాకున్నది, ఎక్సెల్ దాకా చేయగలను. ఎవరైనా ఈ పని చేసినవాళ్లుంటే చెప్పండి.

పీహెచ్‌డీ_మూడో_ఏడు

మేడం, మీ అనుమానం సరైనదే. నేను అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేస్తున్నాను, ప్రిన్సిపుల్స్ కోర్సుకి (ఎకనామిక్స్ మొదటి పాఠాలు) మూడేళ్లుగా టీఏని, అంటే టీచింగ్ అసిస్టెంట్‌ని. మీరడిగింది ఇక్కడ పాతికేళ్లుగా నలుగుతున్న ప్రశ్న, పైగా ఎక్కువ పరిశోధన జరిగింది మీరు చెప్పే ఫస్టియర్ మైక్రో మీదే. ఆ కోర్సుల్లో వందల మంది ఉంటారు, అందరికీ ఒకే పరీక్ష, అందుకే కొలవడానికి వీలు.

మొదటి సంగతి, ఆ ఆరు మార్కులు ఆన్‌లైన్ పాఠం ఫలితం అని చెప్పడానికి మీ దగ్గర ఆధారం లేదు. పిల్లలే ఎంచుకున్నారు కాబట్టి, ఆన్‌లైన్ తీసుకున్నవాళ్లు మొదటి నుంచే వేరే రకం పిల్లలు అయ్యుండొచ్చు. ఇంట్లో మంచి ఫోను, నెట్టు ఉన్నవాళ్లు, ఇంటర్‌లో మార్కులు బాగా వచ్చినవాళ్లు, తమంతట తాము కూర్చుని చదువుకునే అలవాటున్నవాళ్లు అటు వెళ్లుంటారు. వీళ్లని క్లాసురూములో కూర్చోబెట్టినా ఆ ఆరు మార్కులు వచ్చేవేమో, అంతకన్నా ఎక్కువే వచ్చేవేమో. మీరు కొలిచింది ఎవరు ఎటు వెళ్లారన్న తేడాని. పాఠం చేసిన తేడా అందులో ఎంతో, అసలు ఉందో లేదో, ఈ అంకె చెప్పదు.

మీకు బాగా పనికొచ్చే ఉదాహరణ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీది. బ్రౌన్, లీడ్‌హోమ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 2002లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే పత్రికలో పేపర్ వేశారు. ప్రిన్సిపుల్స్ ఆఫ్ మైక్రో కోర్సుని మూడు రకాలుగా చెప్పారు. పూర్తిగా క్లాసులో, సగం సగం, పూర్తిగా వెబ్‌లో. వెబ్‌లో చేరినవాళ్ల ఏసీటీ స్కోర్లు (ఇక్కడ కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్ష) క్లాసువాళ్ల కంటే మెరుగ్గా ఉన్నాయి. అయినా పరీక్షలో వెనకబడ్డారు. అసలు చూడాల్సింది ఎక్కడ వెనకబడ్డారన్నది. నిర్వచనాలు, తేలిక ప్రశ్నల్లో తేడా లేదు. ఆలోచించి, ఒక విషయాన్ని ఇంకో సందర్భానికి అన్వయించాల్సిన కష్టమైన ప్రశ్నల్లో తేడా స్పష్టంగా కనిపించింది. మీ టమాటా ప్రశ్నలో ఆ అమ్మాయి నిర్వచనం కరెక్టుగా రాసి డయాగ్రంలో తప్పిందన్నారే, చదవగానే నాకు ఈ పేపరే గుర్తొచ్చింది.

అయితే అది కూడా పిల్లలు ఎంచుకున్న లెక్కే. ఆ చిక్కు లేకుండా చేసింది ఫ్లోరిడా యూనివర్సిటీలో. ఫిగ్లియో, రష్, యిన్ అనే ముగ్గురు మైక్రో కోర్సులో ఒప్పుకున్న 312 మందిని చీట్లు తీసినట్టు విడగొట్టారు. కొందరు హాల్లో కూర్చుని లెక్చర్ వినాలి, కొందరు అదే లెక్చర్ రికార్డింగ్ నెట్‌లో చూడాలి. అదే టీచరు, అవే పాఠాలు, అవే పరీక్షలు. తేడా ఒక్కటే, ఎదురుగా కూర్చున్నారా స్క్రీన్ మీద చూశారా అని. ఇందులో క్లాసువాళ్లు కొద్దిగా మెరుగు అని వచ్చింది, పెద్ద తేడా కాదు. కానీ ముందు నుంచి మార్కులు తక్కువున్న పిల్లల్లో, మగపిల్లల్లో, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లల్లో తేడా ఎక్కువ కనిపించింది. సగటు చూసి "పెద్ద తేడా లేదు" అని మనం వదిలేస్తే, నష్టపోయేది వెనకబెంచీ పిల్లలే అన్నమాట. రిపోర్టులో ఇది పెద్ద అక్షరాలతో రాయండి మేడం.

వీలైతే వచ్చే సెమిస్టర్‌కి చీట్లు తీయించండి. ఎవరు ఏ సెక్షన్ అన్నది పిల్లలూ కాదు, మీరూ కాదు, చీటీ నిర్ణయించాలి. దాన్ని మించిన పద్ధతి లేదు.

నల్లబల్ల

చాలా థాంక్సండీ. మిషిగన్ సంగతి చదువుతుంటే నా క్లాసు గురించే చెప్తున్నట్టుంది. కానీ చీట్లు తీయడం మా దగ్గర జరిగే పని కాదు. పల్లెల నుంచి బస్సులో వచ్చే ఆడపిల్లలున్నారు, సాయంత్రం షాపుల్లో పనిచేసే అబ్బాయిలున్నారు, నీ చీటీలో ఆన్‌లైన్ వచ్చింది నువ్వు ఇంట్లోనే ఉండు అంటే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. కొందరు ఆడపిల్లలకి కాలేజీకి రావడమే ఒక స్వేచ్ఛ, అది లాక్కునే పని నేను చేయలేను. చీట్లు లేకుండా దారి ఉందా?

లెక్కలమాస్టారు

అమ్మా, నేను స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, వరంగల్. దారి ఉంది. దానికన్నా ముందు ఒక్క మాటకి జవాబు చెప్పండి. ఆన్‌లైన్ సెక్షన్ పిల్లలు పరీక్షలు ఎక్కడ రాశారు? ఇంటర్నల్స్ కూడా ఇంటి నుంచే రాశారా, కాలేజీకి వచ్చి రాశారా? ఆ ఆరు మార్కుల్లో ఇంటర్నల్స్ కలిసి ఉన్నాయా? రెండు సెక్షన్లనీ ఒకే తూకపురాయితో తూచకపోతే మిగతా లెక్కంతా వృథా. ఇంకొకటి, సెక్షన్‌లో చేరినవాళ్లు ఎంతమంది, చివరి పరీక్ష రాసినవాళ్లు ఎంతమంది? సగటు రాసినవాళ్లదా, చేరినవాళ్లదా? మధ్యలో మానేసేది సాధారణంగా వెనకబడ్డ పిల్లలే. వాళ్లు లెక్కలోంచి జారిపోతే మిగిలినవాళ్ల సగటు దానంతటదే పెరుగుతుంది, ఎవరూ ఒక్క ముక్క కొత్తగా నేర్చుకోకపోయినా సరే.

ఇక కొలిచే పద్ధతి. సెమిస్టర్ మొదటి వారంలోనే ఒక పరీక్ష పెట్టాలి, అదే పరీక్ష చివర్లో మళ్లీ పెట్టాలి. చివరి మార్కు కాదు, మొదటికీ చివరికీ మధ్య ఎంత పెరిగిందో అది చూడాలి. అమెరికాలో దీనికోసమే తయారుచేసిన పరీక్ష ఉంది, టీయూసీఈ అంటారు, కాలేజీ స్థాయి ఎకనామిక్స్ ఎంత అర్థమైందో చూసే పరీక్ష. నాలుగో ఎడిషన్‌లో మైక్రోకి 30, మాక్రోకి 30 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. అది మనకి అలాగే అతకదు, అందులో ఉదాహరణలు అక్కడివి. మీరే ఇరవై ప్రశ్నలు మీ సిలబస్‌కి తగ్గట్టు రాసుకోండి, సగం నిర్వచనాల మీద, సగం టమాటా ప్రశ్న లాంటివి. ఈ రెండు సగాల మార్కుల్నీ విడివిడిగా ఉంచండి, ఎప్పుడూ కలపకండి. పైన ఆ అబ్బాయి చెప్పిన మిషిగన్ తేడా, రెండూ కలిపేసి ఒక్క మార్కుగా చూసుంటే అంత స్పష్టంగా తెలిసేది కాదు.

ఆబ్జెక్టివ్ ప్రశ్నలైతే ఊహించి టిక్కు పెట్టే గొడవ ఉంటుంది. 30 ప్రశ్నలు, నాలుగేసి ఆప్షన్లు, ఏమీ తెలియని పిల్లాడికి కూడా సగటున ఏడున్నర మార్కులు వచ్చిపడతాయి. అందుకని మొత్తం మార్కు చూడకుండా ప్రతి ప్రశ్ననీ, ప్రతి పిల్లాడినీ విడిగా చూసే పద్ధతి ఒకటుంది, వాల్‌స్టాడ్, వాగ్నర్ అనేవాళ్లు 2016లో చెప్పారు. మొదట తప్పు, చివర ఒప్పు అయితే కొత్తగా నేర్చుకున్నట్టు. రెండుసార్లూ ఒప్పయితే ముందే తెలుసు, నిలబెట్టుకున్నాడు. మొదట ఒప్పు, చివర తప్పయితే ఉన్నది పోగొట్టుకున్నాడు, లేదా మొదట ఊహించి కొట్టాడు. రెండుసార్లూ తప్పయితే ఏమీ జరగలేదు. ఎక్సెల్‌లో నాలుగు కాలమ్స్, అంతే, మీరు చేయగలరు. ఇలా చేస్తే ఏ ప్రశ్న దగ్గర ఏ సెక్షన్ పిల్లలు ఆగిపోయారో మీ కళ్లకి కనిపిస్తుంది. సగటు మార్కు మేనేజ్‌మెంట్‌కి కావాలి, టీచరుకి కావలసింది ఇది.

చీట్లకి బదులు ఏం చేయాలన్నారు. రెండు సెక్షన్లనీ ఎక్కడివాళ్లని అక్కడే ఉంచండి, పాఠాలని అటూ ఇటూ మార్చండి. మొదటి యూనిట్ ఏ సెక్షన్‌కి వీడియోల్లో, బీ సెక్షన్‌కి క్లాసులో. రెండో యూనిట్ తిరగేయండి, ఏ సెక్షన్‌కి క్లాసు, బీ సెక్షన్‌కి వీడియోలు. వీడియో యూనిట్ నడిచేటప్పుడు పిల్లలు కాలేజీకే వచ్చి ల్యాబులో చూడొచ్చు, ఆడపిల్లలు ఇంట్లో ఉండిపోవాల్సిన పని లేదు. ప్రతి యూనిట్ చివర హాల్లో ఒకే పరీక్ష. అప్పుడు ప్రతి పిల్లా, పిల్లాడూ రెండు రకాలుగానూ చదివినట్టే, తెలివైన సెక్షన్ ఏది అన్న గొడవ చాలావరకు పోతుంది. కాకపోతే ఇల్లు, ఫోను, ఒంటరిగా చదవడం, ఇవి ఇందులో రావు. మీరు కొలిచేది రికార్డింగుకీ మనిషికీ ఉన్న తేడా మాత్రమే, అది రిపోర్టులో రాయాలి. ఇంకా మీ దగ్గర ఉన్నవి రెండే సెక్షన్లు. ఒక సెక్షన్‌లో ఇద్దరు అల్లరి పిల్లలుంటే సెక్షన్ మొత్తం మీద పడుతుంది, కాబట్టి ఒక సెమిస్టర్ లెక్కతో తీర్పు చెప్పకండి, కనీసం రెండేళ్లు చేయండి. వందమంది పిల్లలున్నారు కదా అని అనుకోవద్దు, ఈ విషయంలో మీకున్నది వంద కాదు, రెండు.

పోయిన సెమిస్టర్‌కి మాత్రం ఇంటర్ మార్కులు బయటికి తీయండి. ఇంటర్‌లో ఒకే స్థాయి మార్కులున్న పిల్లల్ని రెండు సెక్షన్ల నుంచీ పక్కపక్కన పెట్టి చూడండి. అది పూర్తి వైద్యం కాదు, ఎందుకంటే పట్టుదల, ఇంటి పరిస్థితి మార్కుల మెమోలో ఉండవు. అయినా ఆరు మార్కుల్లో ఎంత కరిగిపోతుందో తెలుస్తుంది.

డిగ్రీ_2023

నమస్తే మేడం, నమస్తే సార్. నేను టీచర్ని కాదు, బీఏ ఎకనామిక్స్ చదివాను, కరోనా బ్యాచ్. మొదటి సెమిస్టర్ మైక్రో మొత్తం ఫోన్లోనే విన్నాను. విద్యార్థి వైపు నుంచి ఒకటి రెండు చెప్తాను, లెక్కల్లో పనికొస్తాయేమో.

మా కాలేజీ యాప్‌లో ఎవరు ఎంతసేపు వీడియో చూశారో కనిపించేది, 90 శాతం దాటితే అటెండెన్సు. మా ఇంట్లో ఫోన్ ఒకటే, నాదీ తమ్ముడిదీ, వాడు టెన్త్. వాడికి లైవ్ క్లాసు ఉన్నప్పుడు నాది కుదరదు. రాత్రి పూట నా వీడియో పెట్టి, సౌండ్ తీసేసి, ఫోను చార్జింగ్‌లో ఉంచి అన్నం తినేసి వచ్చేవాణ్ణి, అటెండెన్సు పడిపోయేది. తర్వాత చూద్దామనే అనుకునేవాణ్ణి, రోజుకి ఒకటిన్నర జీబీ అప్పటికే అయిపోయేది. తప్పు నాదే, కానీ నా ఒక్కడిదే కాదు. కాబట్టి మేడం, చూసిన నిమిషాలు, లాగిన్లు, ఇవి నేర్చుకోవడానికి కొలత అని ఎవరైనా గ్రాఫులు చూపిస్తే నమ్మకండి.

మంచి కూడా ఉంది. డిస్కౌంటింగ్ లెక్కలు (రేపు వచ్చే డబ్బుకి ఇవాళ్టి విలువ కట్టడం) క్లాసులో ఒకసారి చెప్తే నాకు ఎక్కేది కాదు, వీడియోలో ఐదుసార్లు వెనక్కి తిప్పి చూసి నేర్చుకున్నాను, ఇవాళ్టికీ మర్చిపోలేదు. అందరి ముందూ మళ్లీ చెప్పండి సార్ అని అడిగే ధైర్యం నాకు లేదు, వీడియోని అడగొచ్చు. కానీ డయాగ్రాలు మాత్రం నాకు వీడియోలో రాలేదు. వీడియోలో గీస్తుంటే చూసి, ఓ ఇంతేనా, అర్థమైపోయింది అనిపించేది. పుస్తకం తీసి నేనే గీద్దామని కూర్చుంటే ఏ రేఖ ముందు గీయాలో తెలిసేది కాదు. అర్థమైందా అని అప్పుడు ఎవరైనా సర్వే పెట్టుంటే ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి. రెండో ఏడు క్లాసులో ఒక మేడం బోర్డు దగ్గరికి పిలిచి గీయమన్నారు, ఆ రోజు తెలిసింది నాకు ఏమీ రాదని. చాలా టెన్షన్ పడ్డాను, కానీ ఆ వారంలోనే నేర్చుకున్నాను. అందుకే పిల్లల్ని మీకు అర్థమైందా అని అడగకండి, గీయించండి.

పీహెచ్‌డీ_మూడో_ఏడు

తమ్ముడూ, నువ్వు రాసింది చాలా విలువైన మాట. మాస్టారు గారూ, యూనిట్లు తిప్పే ఆలోచన నాకు తట్టలేదు, మేడం పరిస్థితికి చక్కగా సరిపోతుంది.

ఒకటి కలుపుతాను. "ఆన్‌లైన్" అని ఒకే మాట వాడుతున్నాం గానీ అందులో చాలా రకాలున్నాయి, వాటి ఫలితాలు ఒకటి కావు. ఆల్పర్ట్, కౌచ్, హార్మన్ 2016లో వేసిన పేపర్‌లో ఫస్టియర్ మైక్రో పిల్లల్నే చీట్ల పద్ధతిలో మూడు గుంపులు చేశారు. పూర్తిగా క్లాసు, కొంత క్లాసు కొంత నెట్టు, పూర్తిగా నెట్టు. పూర్తిగా నెట్టు వాళ్లు ఫైనల్‌లో ఐదు నుంచి పది మార్కులు వెనకబడ్డారు. కొంత కొంత ఉన్నవాళ్లకీ క్లాసువాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. న్యూయార్క్ బరూక్ కాలేజీలో జాయిస్ వాళ్లు 725 మందితో చేసింది కూడా మైక్రోనే, వారానికి రెండు క్లాసులా, ఒక క్లాసు ప్లస్ నెట్ మెటీరియలా అని. రెండు క్లాసుల వాళ్లకి 2.3 శాతం పాయింట్లు ఎక్కువ. ఉంది, కానీ చిన్నది. అంటే వారానికి ఒక్క క్లాసు మిగిలినా నష్టం చాలావరకు ఆగుతుందని నాకు అనిపిస్తుంది, మీ మేనేజ్‌మెంట్‌తో బేరం ఆడడానికి ఇదే మీకు గట్టి ఆధారం.

కరోనా కాలంలో కొలవడం కష్టమైంది, ఎందుకంటే పాఠం ఒక్కటే మారలేదు, ఇంట్లో జబ్బులు, భయం, డబ్బు ఇబ్బంది, అన్నీ ఒకేసారి మారాయి. వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో మాత్రం 2020లో ఎకనామిక్స్ పరిచయ కోర్సు పిల్లల్ని చీట్ల పద్ధతిలోనే ఆన్‌లైన్‌కీ క్లాసుకీ పంచారు. అందరూ ఒకే క్యాంపస్‌లో ఉంటారు, అందరికీ నెట్టు ఉంది, ఫోన్ తమ్ముడితో పంచుకునే బాధ లేదు. అయినా ఆన్‌లైన్ వాళ్ల మార్కులు 0.2 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కంటే కాస్త ఎక్కువే తగ్గాయి, అందులోనూ ముందే చదువులో వెనకబడ్డవాళ్లకి ఎక్కువ దెబ్బ. అన్ని సదుపాయాలున్న చోటే ఇలా ఉంటే మన దగ్గర ఏమవుతుందో ఆలోచించాల్సిందే.

జెనీవా యూనివర్సిటీది ఇంకో రకం. అక్కడ క్లాసు తీసేయలేదు, క్లాసుతో పాటు లైవ్ స్ట్రీమింగ్ కూడా ఇచ్చారు, ఇష్టమైతే వాడుకోవచ్చు. పిల్లలు రోజూ ఏమీ వాడలేదు, రావడం బాగా కష్టమైన రోజునే వాడారు. చదువులో ముందున్నవాళ్లకి అది మేలు చేసింది, వెనకబడ్డవాళ్లకి కీడు చేసింది. మళ్లీ అదే తేడా చూడండి. అందుకే మేడం, మీరు చేసే లెక్కలో ఇంటర్ మార్కుల్ని బట్టి పిల్లల్ని మూడు గుంపులుగా ముందే విడగొట్టి రాసిపెట్టుకోండి. ఫలితాలు చూశాక విడగొడితే మనకి కావలసినట్టు ఎక్కడో ఒకచోట తేడా దొరుకుతుంది, అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

నల్లబల్ల

అందరికీ నమస్కారాలు, వారం రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. మాస్టారు గారు అడిగినవి తీసి చూశాను. ఇంటర్నల్స్ ఆన్‌లైన్ సెక్షన్ వాళ్లు ఇంటి నుంచి గూగుల్ ఫామ్‌లో రాశారు, క్లాసు సెక్షన్ వాళ్లు నా ఎదురుగా రాశారు. నేను పెట్టిన పరీక్షే, అయినా ఈ సంగతి మీరు అడిగేదాకా నాకు తట్టలేదు. హాల్లో రాసిన సెమిస్టర్ పరీక్ష మార్కులు మాత్రమే తీసుకుంటే ఆరు మార్కులు పోయి ఒకటిన్నర మిగిలింది. ఇక ఆన్‌లైన్ సెక్షన్‌లో చేరి సెమిస్టర్ పరీక్షకి రానివాళ్లు తొమ్మిది మంది, క్లాసు సెక్షన్‌లో ఇద్దరు. ఇంటర్‌లో ఒకే రకం మార్కులున్న పిల్లల్ని జతలుగా పెట్టి చూస్తే ఆ ఒకటిన్నర కూడా తిరగబడింది, క్లాసు వాళ్లే కాస్త ముందున్నారు. దీన్ని కూడా తీర్పుగా రాయను, మీరు చెప్పినట్టు నాకున్నది రెండే సెక్షన్లు.

ఆ తొమ్మిది మందికీ ఫోన్ చేశాను. ఐదుగురు ఎత్తారు. ముగ్గురు పనుల్లో ఉన్నారు, ఒకబ్బాయి బెంగళూరులో డెలివరీ చేస్తున్నాడు. ఒకమ్మాయికి పెళ్లయింది. క్లాసుకి వచ్చే పిల్ల రెండు రోజులు కనపడకపోతే నేను పక్కపిల్లని అడుగుతాను, వీళ్ల విషయంలో ఆ పని జరగలేదు, యాప్‌లో వీళ్లలో ఇద్దరి పేర్ల పక్కన చివరి దాకా పచ్చ టిక్కులే ఉన్నాయి.

ప్రిన్సిపాల్ గారితో గంటసేపు కూర్చున్నాను. ఆన్‌లైన్ ఆపేయమని అడగలేదు, వచ్చే సెమిస్టర్‌కి యూనిట్లు తిప్పే పద్ధతి ఒప్పుకున్నారు, ల్యాబు మంగళ, గురువారాలు ఇస్తామన్నారు. వీడియో యూనిట్‌కి కూడా వారానికి ఒక గంట బోర్డు దగ్గర గీయించే క్లాసు కావాలని అడిగాను, దాని సంగతి ఇంకా తేలలేదు. మాస్టారు గారూ, ఆ గంట రెండు సెక్షన్లకీ పెడితే కొలత పాడవుతుందా? ఇంకొకటి, మొదటి వారం పెట్టే పరీక్షకి ఇరవై ప్రశ్నలు రాశాను, పదకొండోది టమాటాదే. ఇక్కడ పెడితే ఒకసారి చూసి, ఎక్కడ తికమకగా ఉందో చెప్తారా?

లెక్కలమాస్టారు

పెట్టండమ్మా, చూస్తాను. బోర్డు గంట రెండు సెక్షన్లకీ సమానంగా ఉంటే కొలతకేమీ కాదు, మీరు పోల్చేది మిగతా గంటలు ఎలా చెప్పారన్నది. ఆ గంటలో ఏం గీయించారో రోజూ ఒక పుస్తకంలో రాసుకోండి, ఒక సెక్షన్‌లో ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ కాకుండా. ప్రశ్నలు ఇక్కడ పెట్టకండి, పిల్లలకి దొరుకుతాయి. మెసేజ్‌లో పంపండి.